చమురు పైసలు, మన ఎండ - కూలీకి మిగిలేదేమిటి?

బాన్సువాడ చుట్టుపక్కల నాట్లు పడే రోజుల్లో, మధ్యాహ్నం సద్ది తిన్న తర్వాత గట్టు మీద కూర్చొని పేపరు చదివి వినిపించడం మా సంఘంలో పాత అలవాటు. ఆ మధ్య ఒకనాడు అట్లా చదువుతుంటే, గల్ఫ్ ప్రభుత్వాలతో మన ప్రభుత్వం ఎండ కరెంటు గురించి, హైడ్రోజన్ గురించి చేసుకున్న ఒప్పందాల సంగతి వచ్చింది. నాటు వేస్తున్న ఒక అవ్వ అడిగింది: "ఎండ మీద గూడ ఒప్పందమేంది బిడ్డా? వాళ్లకు చమురు ఉండె, ఎండ మనకంటె ఎక్కువనే ఉండె. ఇగ మన ఎండతోని వాళ్లకేం పని?" పక్కనున్న ఇంకో చెల్లె అన్నది: "రాసుకునేటోళ్లు రాసుకుంటరు అన్నా. మా ఇంటాయన దోహాల ఉన్నడు. ఆయన జీతం సంగతి అండ్ల ఏమన్న రాసిన్రా?"

ఆ రోజు ఈ రెండు ప్రశ్నలకు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇది పెద్దవాళ్ల వ్యవహారం, మనకు సంబంధం లేదు అనుకొని పేజీ తిప్పేస్తూ వచ్చిన తప్పు మాదే. తర్వాత కూర్చొని చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. అర్థమైందేమిటంటే, ఈ ఒప్పందాలు మూడు తాళ్లతో మన గుడిసెలకు ముడిపడి ఉన్నాయి. ఒకటి, గల్ఫుకు పోయిన మన మనిషి. రెండు, మడిలో చల్లే యూరియా. మూడు, మనం పనిచేసే భూమి. ఆ మూడింటి గురించే ఈ వ్యాసం.

ఒక చేత ఎండ, మరో చేత గ్యాసు

మొదట ఒప్పందాల వరుస చూద్దాం. 2015 నవంబరులో పారిస్ మహాసభ సందర్భంగా భారత్, ఫ్రాన్సు కలిసి అంతర్జాతీయ సౌర కూటమిని ప్రారంభించాయి. దాని కేంద్ర కార్యాలయం ఢిల్లీ పక్కన గురుగ్రాంలో ఉంది. చమురు అమ్ముకునే అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా కూడా అందులో చేరాయి. 2023 అక్టోబరులో రియాద్‌లో భారత్, సౌదీలు ఒక అవగాహన పత్రం మీద సంతకాలు చేశాయి. రెండు దేశాల కరెంటు లైన్లను కలపడం, హరిత హైడ్రోజన్ తయారు చేయడం అందులోని సంగతులు. 2024 ఫిబ్రవరిలో అబుదాబీలో ఎమిరేట్స్‌తోనూ కరెంటు లైన్ల అనుసంధానం మీద అలాంటి పత్రమే రాసుకున్నారు.

అదే 2024 ఫిబ్రవరిలో ఇంకో సంతకం కూడా జరిగింది. మన పెట్రోనెట్ సంస్థ, ఖతార్ ప్రభుత్వ ఇంధన సంస్థ కలిసి పాత గ్యాసు ఒప్పందాన్ని పొడిగించుకున్నాయి. ఏటా 75 లక్షల టన్నుల ద్రవీకృత గ్యాసును 2028 నుంచి 2048 దాకా మనం కొంటాం. అంటే ఈ రోజు బడిలో అ ఆలు దిద్దుతున్న పిల్లకు పిల్లలు పుట్టేదాకా ఆ గ్యాసు వస్తూ ఉంటుంది, మనం పైసలు కడుతూ ఉంటాం. ఒక చేత ఎండ ఒడంబడిక, మరో చేత గ్యాసు ఒడంబడిక. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అసలు విషయం బోధపడదు.

మరి చమురు దేశాలకు ఎండ మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టింది? భూగోళం వేడెక్కుతున్నదని వాళ్ల మనసు కరిగిందా? 2023 చివర దుబాయిలో జరిగిన ప్రపంచ వాతావరణ మహాసభకు అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబెర్. ఆయనే అబుదాబీ ప్రభుత్వ చమురు కంపెనీకి అధిపతి. ఆ సభలోనే, 2030 నాటికి ప్రపంచంలో పునరుత్పాదక ఇంధన సామర్థ్యాన్ని మూడింతలు చేయాలని, చమురు, బొగ్గు, గ్యాసుల నుంచి క్రమంగా మళ్లాలని తీర్మానించారు. మంచిదే. కానీ లెక్క వేరే ఉంది. అబుదాబీలో 2023లో ప్రారంభమైన అల్ ధఫ్రా సౌర కేంద్రం ఒక్కటే 2,000 మెగావాట్లు. ఖతార్‌లో 2022లో వచ్చిన అల్ ఖర్సా 800 మెగావాట్లు. ఇంట్లో కరెంటు కోసం మండించే చమురు, గ్యాసు ఆ మేరకు మిగులుతాయి. మిగిలినదాన్ని బయట అమ్ముకుంటారు. పాలిచ్చే బర్రె ఉన్న ఆసామి ఇంట్ల చాయకు పొడిపాలు వాడి, చిక్కటి పాలు కేంద్రంలో పోసినట్టు. ఎండ వాళ్లకు చమురు వ్యాపారానికి శత్రువు కాదు, తోడు.

రెండో లెక్క పెట్టుబడిది. చమురు మీద వచ్చిన డబ్బు ఎప్పటికీ చమురు మీదే రాదని వాళ్లకు తెలుసు. అందుకే ఆ గుట్టల కొద్దీ డబ్బును ఇతర దేశాల ఎండలో, గాలిలో, భూమిలో పెడుతున్నారు. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. వాళ్లకు కావలసింది మన ఎండ ఒక్కటే కాదు. ఆ ఎండ కింద ఉన్న మన భూమి, మన నీళ్లు, తక్కువ కూలికి దొరికే మన చేతులు.

ఆ పెట్టుబడిలో ఎవరి చెమట?

1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించినప్పుడు పీపా ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలు అయింది. అక్కడ కుప్పలు పడ్డ ఆ డబ్బుతో రోడ్లు, ఓడరేవులు, మేడలు కట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. మన పాత నిజామాబాదు జిల్లా నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫు బాట అప్పుడే మొదలైంది. నిజాంసాగర్ కాలువ చివర నీళ్లందని ఊళ్లవాళ్లు, బోర్లు ఎండినవాళ్లు, గుంట భూమి లేనివాళ్లు అప్పు చేసి విమానం ఎక్కారు. బోధన్ చక్కెర కర్మాగారాన్ని 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టి, 2015 డిసెంబరులో మూసేసిన తర్వాత చెరుకు పని, ఫ్యాక్టరీ పని పోయి ఆ దారిన పడ్డవాళ్లూ ఉన్నారు. యాభై ఏళ్లుగా ఆ ఎడారిలో ఇటుక మీద ఇటుక పేర్చినవాళ్లలో మన బాన్సువాడ, బీర్కూరు, వర్ని మనుషులున్నారు. కాబట్టి అక్కడి నుంచి "విదేశీ పెట్టుబడి" వస్తున్నదని పేపర్లు రాసినప్పుడు, అందులో మనవాళ్ల చెమట కూడా కలిసి ఉందని మనం గుర్తు పెట్టుకోవాలి.

అయితే ఒప్పందాల బల్ల దగ్గర ఆ చెమటకు కుర్చీ లేదు. దీనికి రుజువు దూరం పోయి వెతకనక్కర లేదు. 2020లో కరోనాతో చమురు ధర పడిపోయింది. గల్ఫ్ కంపెనీలు పనివాళ్లను తీసేస్తున్నాయి. అప్పుడు మన కేంద్ర ప్రభుత్వం ఏం చేసింది? మన కూలీలకు ఇంత కంటే తక్కువ ఇవ్వరాదని తానే పెట్టిన కనీస వేతనాన్ని ఆ ఏడు సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఉద్యోగాలు నిలబెట్టడానికే అన్నది. గల్ఫ్ కార్మికుల సంఘాలు గోల చేశాయి. వ్యాజ్యం తెలంగాణ హైకోర్టుకు పోయింది. చివరకు 2021 జులైలో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నారు. చమురు ధర పెరిగితే ఆ దేశం ఖజానా నిండింది, పడిపోతే మన కూలీ జీతం కోశారు. లాభంలో వాటా లేదు గాని నష్టంలో మొదటి వాటా మనదే అయింది.

పోరాడితే కొంత సాధించవచ్చు అనడానికి కూడా రుజువులున్నాయి. ఖతార్‌లో ఫుట్‌బాల్ పోటీలకు ముందు ప్రపంచ కార్మిక సంఘాల ఒత్తిడి మీద 2021 మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం చట్టంగా వచ్చింది. మన రాష్ట్రంలో గల్ఫులో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చేందుకు 2024లో జీవో వచ్చింది. అది చాలదు. కానీ అడగనిదే అదీ రాలేదు.

సౌర కేంద్రాలు పెట్టినంత మాత్రాన ఈ పరిస్థితి మారదు. పలకలు మోసేదీ, బిగించేదీ, దుమ్ము తుడిచేదీ మనుషులే. నూనె బావి దగ్గర పాస్‌పోర్టు గుంజుకునే మేస్త్రీ పలకల కింద ఉన్నంత మాత్రాన ధర్మరాజు అవుతాడా?

యూరియా సంచిలో ఏముంది?

ఇక రెండో తాడు. యూరియా అంటే నేల మీద చల్లిన గ్యాసు అనుకోవాలి. గ్యాసు నుంచి ఉదజని తీస్తారు. గాలిలోని నత్రజనిని దానితో కలిపితే అమోనియా. గ్యాసును విరిచేటప్పుడు బొగ్గుపులుసు వాయువు కూడా వస్తుంది. దాన్ని అమోనియాతో కలిపితే యూరియా. మన రామగుండంలో 1980లో ప్రారంభమైన పాత ఎరువుల కర్మాగారం గ్యాసు మీద కాదు, బొగ్గు మీద నడిచేది. నష్టాల పేరుతో 1999లో దాన్ని మూశారు. అదే చోట కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏటా 12 లక్షల 70 వేల టన్నుల సామర్థ్యం. ఇది గొట్టం ద్వారా వచ్చే గ్యాసు మీద నడుస్తుంది. ఇప్పుడు దేశంలో ఎరువుల కర్మాగారాలు వాడే గ్యాసులో ఎక్కువ భాగం దిగుమతిదే. అంటే మన కాళ్ల కింద బొగ్గుతో తయారైన ఎరువు పోయి, సముద్రం దాటి వచ్చే సరుకు మీద ఆధారపడ్డ ఎరువు వచ్చింది.

ఆధారపడితే ఏమవుతుందో చూశాం. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర మండింది. ఆ ఆర్థిక సంవత్సరంలో కేంద్రం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది. సంచి ధర 266 రూపాయల 50 పైసల దగ్గరే ఉంచారు, నిజమే. కానీ ఆ డబ్బులో చాలా భాగం చివరకు చేరింది గ్యాసు, ఎరువు అమ్మినవాళ్లకే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నప్పుడు ప్రపంచమంతా హోర్ముజ్ జలసంధి వైపు చూసింది. ఖతార్ గ్యాసు ఓడలు ఆ సందులోంచే రావాలి. ఆ ఆగస్టులో మన రాష్ట్రమంతా యూరియాకు కటకట వచ్చింది. దానికి కారణాలు ఒకటి కాదు: దిగుమతులు తగ్గాయి, దేశీయ ఉత్పత్తికి అంతరాయాలు వచ్చాయి, పంపిణీ సరిగా లేదు. తెల్లారక ముందే చెప్పులు, పాసుపుస్తకాలు లైన్లో పెట్టి జనం నిలబడ్డారు. మేమూ ఒక గోదాము ముందు నిలబడ్డాం. మాతో ఉన్న కౌలు రైతును పట్టా పాసుపుస్తకం చూపమన్నారు. పట్టా దొర పేరు మీద ఉంది, దొర హైదరాబాదులో ఉన్నాడు. ఆ కౌలు రైతు చివరకు రెండింతల ధర పెట్టి బయట కొన్నాడు. దౌత్యం దోహాలో జరిగినా దాని దెబ్బ తగిలేది ఇక్కడ, పాసుపుస్తకం లేనివాడికి.

దీనికి మందు లేదా? ఉందనే చెబుతున్నారు. ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొడితే ఉదజని వస్తుంది. దానితో గ్యాసు లేకుండానే అమోనియా చేయవచ్చు. దీన్నే హరిత అమోనియా అంటున్నారు. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో హరిత హైడ్రోజన్ పథకం మంజూరు చేసింది. అరువు గ్యాసు లేకుండా మన ఎరువు మనం చేసుకునే దారి ఇది. మంచి దారే. కానీ ఆ దారిన ఎవరి బండి పోతున్నదో చూడాలి.

మన తెలుగు నేల మీదే ఉన్న కాకినాడ సంగతి వినండి. 1992 నుంచి అక్కడ నాగార్జున కర్మాగారం గ్యాసుతో యూరియా తయారు చేసింది. ఆ కంపెనీ అప్పుల పాలైంది. ఆ కర్మాగారం ఏఎం గ్రీన్ అనే హైదరాబాదు కంపెనీ చేతికి పోయింది. దాన్ని మార్చి ఏటా 10 లక్షల టన్నుల హరిత అమోనియా చేస్తామని, తుది పెట్టుబడి నిర్ణయం తీసుకున్నామని 2024 ఆగస్టులో ప్రకటించారు. ఏఎం గ్రీన్ పెట్టినది గ్రీన్‌కో స్థాపకులే. ఆ అమోనియాలో పెట్టుబడికి 2023లో ఒప్పందం చేసుకున్నవాళ్లలో జెంటారి ఒకటి. జెంటారి ఎవరిది? మలేషియా ప్రభుత్వ చమురు కంపెనీ పెట్రోనాస్‌ది. గ్రీన్‌కోలో 2016లోనే వాటా కొన్నది అబుదాబీ ప్రభుత్వ నిధి. అదే గ్రీన్‌కో కర్నూలు పక్కన పిన్నాపురంలో ఎండ, గాలి, నీళ్ల నిల్వ మూడూ కలిపి 5,230 మెగావాట్ల పథకం చేపట్టింది. దానికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది. కాకినాడ అమోనియా కొనడానికి ముందుకొచ్చింది యూరపు కంపెనీలు.

అంటే లెక్క ఇట్లా తేలింది. ఎండ రాయలసీమది. నీళ్లు మనవి. ఒకప్పుడు మన మడికి యూరియా పంపిన కర్మాగారం మనది. పెట్టుబడిలో చమురు డబ్బు ఉంది. సరుకు మాత్రం యూరపు ఓడ ఎక్కుతుంది. మనకు గ్యాసు ఖతార్ నుంచి 2048 దాకా వస్తుంది!

ఒక టన్ను హరిత అమోనియా చేయడానికి సుమారు 10 వేల యూనిట్ల కరెంటు కావాలి. అయిదు హార్స్‌పవర్ మోటరు రోజుకు తొమ్మిది గంటల చొప్పున దాదాపు 300 రోజులు నడిచే కరెంటు అది. ఓడ నిండా అమోనియా పోతే ఎన్ని మోటర్ల కరెంటు పోయినట్టో ఎవరి లెక్క వాళ్లు చేసుకోవచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. నీటి నుంచి చేసిన అమోనియాతో బొగ్గుపులుసు వాయువు రాదు. అది వేరే తేనిదే యూరియా కాదు. కాబట్టి హరిత అమోనియా వచ్చిన మర్నాడే యూరియా లైన్లు పోతాయని ఎవరైనా మైకులో చెబితే నమ్మకండి. డీఏపీ, కాంప్లెక్సు ఎరువులకు ఆ చిక్కు లేదు. ఆ మాట నిజం చేయవచ్చని 2025లో కేంద్ర సంస్థ సెకీ నడిపిన వేలమే చూపింది. దేశంలోని ఎరువుల కర్మాగారాల కోసమే ఏటా ఏడు లక్షల టన్నులకు పైగా హరిత అమోనియా కొనుగోలుకు అది వేలం పెట్టింది. ఈ పనిని మేము హర్షిస్తున్నాం. ఇదే ముందు జరగాలి, ఎగుమతి తర్వాత.

పలకల కింద కూలి ఎక్కడ?

మూడో తాడు భూమి. ఇది కర్నూలు గోస, మన బాన్సువాడకు రాదు అనుకోవద్దు. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించిన విధానం ప్రకారం 2030 నాటికి అదనంగా 20 వేల మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు రావాలి. కుసుమ్ పథకం కింద సబ్‌స్టేషన్ దగ్గరి భూముల్లో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా పెట్టుకోవచ్చు. ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పోతాయి.

రెండు మెగావాట్ల కేంద్రానికి పది ఎకరాలు అనుకుందాం. మన దిక్కు ఎకరం నాటుకు పది మంది ఆడమనుషులు కావాలి. రెండు పంటలకు కలిపి నాట్లే రెండు వందల పనిదినాలు. కలుపు వేరు. కోతలు ముందే మిషన్లు తినేశాయి. నాట్లకు బీహారు, బెంగాలు నుంచి ముఠాలు దిగుతున్నాయి. ఇప్పుడు పలకలు వస్తే? పట్టాదారుకు లీజు వస్తుంది. కౌలుదారుకు ఏం వస్తుంది? నాటు వేసే అవ్వకు ఏం వస్తుంది? కావలికి ఒకరు, గడ్డి కోయడానికి ఇద్దరు. మిగతావాళ్ల పేరు ఏ కాగితంలోనూ ఉండదు, ఎందుకంటే వాళ్లకు పోయింది భూమి కాదు, పని. ఇట్లాంటి లీజుల్లో పని పోయిన కూలికి నష్టపరిహారం ఇచ్చే అలవాటు లేదు.

మేము ఎండ కరెంటుకు వ్యతిరేకులమా?

కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. భూమి వేడెక్కితే ముందు సొమ్మసిల్లేది ఏసీ గదిలో ఉన్నవాడు కాదు, మే నెలలో మట్టి పనికి పోయేవాళ్లు. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయట నుంచి తెచ్చుకుంటున్నాం. ఆ బరువు డీజిల్ రూపంలో ట్రాక్టరు కిరాయి మీద, కిరాయి రూపంలో కౌలు రైతు మీద, అక్కడి నుంచి కూలి రేటు మీద పడుతున్నది. బొగ్గు, చమురుల నుంచి ఎంత త్వరగా బయటపడితే కష్టజీవికి అంత మేలు.

చమురు దేశాలతో దౌత్యం వద్దని కూడా మేము అనడం లేదు. మన మనుషులు లక్షల్లో అక్కడ ఉన్నప్పుడు మాట్లాడకుండా ఎట్లా? విదేశీ పెట్టుబడి రానిదే ఇంత పెద్ద కేంద్రాలు కట్టలేం, ఎగుమతులతో డాలర్లు వస్తాయి, ఉత్పత్తి పెరిగితే రేపు మన ఎరువూ చౌక అవుతుంది అని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ చౌక అయ్యేదాకా నష్టం ఎవరు మోయాలి, అయిన తర్వాత లాభం ఎవరికి పోవాలి అన్నది కాగితం మీద ఇప్పుడే రాయాలి. రాయకపోతే ఏమవుతుందో 2020లో జీతాలు కోసినప్పుడు చూశాం.

ఏం అడగాలి?

మా సంఘంలో చర్చించి అనుకున్న కోర్కెలు ఇవి.

ఒకటి. ఏ చమురు దేశంతో ఇంధన ఒప్పందం చేసుకున్నా అందులో కార్మికుల షరతు ఉండాలి. కనీస వేతనం తగ్గించరాదు. ఎగ్గొట్టిన జీతం వసూలుకు, చనిపోయినవాళ్ల పరిహారానికి రెండు ప్రభుత్వాలూ బాధ్యత వహించాలి. గ్యాసుకు ఇరవై ఏళ్ల హామీ ఇచ్చినప్పుడు, మనిషికి ఎందుకు ఇవ్వరు?

రెండు. మన భూమి మీద, మన నీళ్లతో చేసిన హరిత అమోనియాలో మొదటి భాగం దేశంలోని ఎరువుల కర్మాగారాలకు ఇవ్వాలి. రాయితీలు పొందిన ప్రతి కంపెనీకి ఇది నిబంధన కావాలి.

మూడు. నిజాంసాగర్ ఆయకట్టు వంటి రెండు పంటల మాగాణిలో సౌర పలకలు పెట్టరాదు. బీడు భూమికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. సాగు భూమిలో పెడితే ఎత్తు స్తంభాల మీద పెట్టి కింద పంట తీయాలన్న కుసుమ్ నిబంధనను ఖచ్చితంగా అమలు చేయాలి. లీజు రాసే ముందు గ్రామసభ జరపాలి. ఆ చెలకలో పనిచేసే కూలీల, కౌలుదారుల పేర్లు నమోదు చేసి, పోయిన పనిదినాలకు పరిహారం కట్టాలి.

నాలుగు. మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్లు పెట్టిస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఒప్పందం రాసుకున్నది. ఆ సంఘాల్లో భూమి లేని దళిత, గిరిజన, బీసీ కూలి ఆడవాళ్లకు ముందు చోటివ్వాలి. కాంట్రాక్టరు ముందుండి, సంఘం పేరు బోర్డు మీద మాత్రమే మిగిలే పద్ధతి వద్దు.

అయిదు. పాసుపుస్తకం లేకున్నా కౌలు రైతుకు యూరియా ఇవ్వాలి.

ఈ కోర్కెలు పత్రికలో అచ్చయినంత మాత్రాన నెరవేరవు. ప్రతి ఊరిలో మూడు పనులు చేయాలి. గల్ఫులో ఉన్నవాళ్ల పేర్లు, కంపెనీ, జీతం, బాకీల పట్టిక రాసుకోవాలి. సౌర లీజులకు ఎవరి భూమిని ఎవరు అడుగుతున్నారో కనుక్కొని, ఆ భూమి మీద బతికే కూలీల జాబితా ముందే తయారు చేయాలి. వచ్చే గ్రామసభలో ఆ రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాలి. జాబితా లేకుండా పోతే, "మీకు ఏం పోయింది?" అని ఆఫీసరు అడిగినప్పుడు మన దగ్గర మాట తప్ప రుజువు ఉండదు.

దోహాలో ఉన్న మనిషి జీతం సంగతి అందులో రాసిన్రా అని ఆ చెల్లె అడిగింది. లేదు చెల్లె, రాయలేదు. రాయించాలి. ఈ నాట్లు అయిపోయేలోగా బాన్సువాడ మండలంలోని మన సంఘం ఉన్న ప్రతి ఊరిలో పట్టిక పూర్తి చేద్దాం.